విదేశీ ముద్ర, స్వదేశీ కర్ర

దిగుమతి గిటార్ అనగానే కలిగే గౌరవం ఢిల్లీలో ఇంకా తగ్గలేదు. కాని ఆ గౌరవాన్ని సంపాదించిన గిటార్ వేరు. నేడు ఆ పేరుతో అమ్ముడవుతున్న గిటార్ వేరు.

ఢిల్లీలో దరియాగంజ్ రహదారి మీదనో, కన్నాట్ ప్లేస్ వరండాలలోనో ఏదైనా వాద్యాల దుకాణం ముందు కొద్దిసేపు నిలబడితే ఒక ప్రశ్న తప్పక చెవిన పడుతుంది. "ఇది ఇంపోర్టెడేనా?" గిటార్ కొనవచ్చిన కుర్రవాడు ముందుగా అడిగేది అదే. డబ్బు చెల్లించవలసిన తండ్రి అడిగేదీ అదే. అవునని జవాబు వస్తే ఇద్దరి ముఖాలూ వికసిస్తాయి.

పక్కనే సితార్ బేరమాడుతున్న మనిషి ఆ ప్రశ్న అడగడు. తబలా కొనేవాడూ అడగడు. పైగా ఆ వాద్యాల కోసం విదేశాలవారే ఢిల్లీకి వస్తారు. 1966 జూలైలో బీటిల్స్ బృందం మనీలా నుండి ఇంగ్లండుకు తిరిగి వెళుతూ ఢిల్లీలో ఆగినప్పుడు, జార్జ్ హారిసన్ ఇక్కడి రిఖీరామ్ వారివద్ద సితార్ కొనుక్కున్నాడు. 1920లో లాహోరులో మొదలై, దేశవిభజన తరువాత ఢిల్లీకి తరలివచ్చిన దుకాణం అది. అప్పటికే గిటార్‌తో లోకమంతటా పేరు మోసినవాడు మంచి వాద్యం కోసం ఢిల్లీ పనివాడిని నమ్మాడు. ఆ ఢిల్లీలోనే గిటార్ కొనేవాడు మాత్రం పరదేశపు చీటీని నమ్ముతున్నాడు.

ఈ నమ్మకానికి ఒకప్పుడు బలమైన కారణాలే ఉండేవి. అవి నేటికీ మిగిలి ఉన్నాయా అన్నదే ప్రశ్న.

పేరు ఎలా వచ్చింది?

నేడు మనం చూస్తున్న గిటార్‌కు రూపం దిద్దినది ఇద్దరు ముగ్గురు వడ్రంగులని చెప్పవచ్చు. స్పెయిన్ దేశంలో అంతోనియో దె తోరెస్ (1817–1892) అనే పనివాడు గిటార్ పైబల్లను పలుచగా చేసి, దాని అడుగున విసనకర్ర ఆకారంలో సన్నని కర్రపుల్లలు అతికించి, నాదానికి కొత్త నిండుదనం తెచ్చాడు. జర్మనీ నుండి 1833లో అమెరికాకు వలసపోయిన సి.ఎఫ్. మార్టిన్ అనే మరొక పనివాడి కార్ఖానాలో, అడ్డంగా ఒకదానినొకటి ఖండించుకునే పుల్లల అమరిక రూపొందింది. తరువాతి కాలంలో ఉక్కుతీగల గిటార్‌కు ఆ అమరికే ప్రాణమయింది. 1902లో గిబ్సన్ కంపెనీ ఏర్పడింది. ఇటువంటి చోట్ల తయారైన గిటార్‌లు తండ్రి నుండి కొడుక్కు సంక్రమించేవి. "విదేశీ గిటార్" అన్న మాటకు విలువ తెచ్చిపెట్టినవి అవే.

1960ల తరువాత కథ మలుపు తిరిగింది. జపానులో యమహా సంస్థ 1966లో తన ఎఫ్.జి. వరుస గిటార్‌లను తెచ్చింది. ధర తక్కువ, పనితనం గట్టిది. వాటి పోటీకి తట్టుకోలేక అమెరికా సంస్థలే తమ చౌకరకాలను జపానులో చేయించుకోవడం ప్రారంభించాయి. 1970లో మార్టిన్ సంస్థ "సిగ్మా" పేరుతో అక్కడి గిటార్‌లను దిగుమతి చేసుకున్నది. గిబ్సన్ చేతిలో ఉన్న ఎపిఫోన్ ముద్ర కూడా ఆ ప్రాంతంలోనే జపానుకు మళ్ళింది. జపానులో కూలి పెరిగేసరికి పని తైవానుకు, కొరియాకు పోయింది. అక్కడా పెరిగాక ఇండోనేషియాకు, చైనాకు చేరింది. చైనాలోని గుయిజౌ రాష్ట్రంలో జెంగాన్ అనే కొండప్రాంతపు జిల్లా ఉన్నది. అక్కడి పల్లెల నుండి బ్రతుకుతెరువు కోసం సముద్రతీర నగరాలకు పోయి గిటార్ ఫ్యాక్టరీలలో పని నేర్చుకున్నవారు, గత దశాబ్దంలో సొంత ఊరికి తిరిగివచ్చి ఫ్యాక్టరీలు పెట్టారు. నేడు అక్కడ ఏటా లక్షల సంఖ్యలో గిటార్‌లు తయారై ప్రపంచమంతటా అమ్ముడవుతున్నాయి.

ఆ పనివారి నైపుణ్యాన్ని తక్కువ చేయనవసరం లేదు. వేల రూపాయల గిటార్ చేయమంటే వారు అదే చేస్తారు. లక్ష రూపాయల గిటార్ చేయమంటే అదీ చేస్తారు. మారినది పనివాడు కాదు, కోరిన ధర. పెట్టె మీద ముద్ర మాత్రం పాతదే.

పెట్టెలో దాగి వచ్చిన గౌరవం

మనదేశంలో ఈ వ్యత్యాసం చాలాకాలం ఎవరి దృష్టికీ రాలేదు. దిగుమతులకు లైసెన్సులు, భారీ సుంకాలు ఉన్న రోజులలో విదేశీ గిటార్ దుకాణంలో దొరికే వస్తువు కాదు. విదేశం నుండి వచ్చే మేనమామ తేవాలి, లేదా స్వదేశానికి తిరిగిపోతున్న రాయబార కార్యాలయపు ఉద్యోగి అమ్ముకోవాలి. అంత శ్రమపడి తెచ్చుకునేది సాధారణంగా మంచి వాద్యమే అయివుండేది. సామాన్య విద్యార్థికి కలకత్తా కార్ఖానాల గిటారే దిక్కు. వాటిలో నికార్సయినవి లేకపోలేదు. కాని కర్ర సరిగా ఆరకముందే పనిలోకి దించడం, మెట్లు కొలత తప్పడం, బిరడాలు జారిపోవడం ఎక్కువమందికి అనుభవమే. ఎండాకాలం గడిచేసరికి మెడ వంగిన గిటార్, తీగ నొక్కలేక పుండ్లుపడిన వేళ్ళు: ఒక తరానికి స్వదేశీ గిటార్ మిగిల్చిన జ్ఞాపకాలు ఇవి. విదేశీ వస్తువు మీద భక్తి ఊరికే పుట్టలేదు.

1991 సంస్కరణలతో తలుపు తెరుచుకోసాగింది. 2001 ఏప్రిల్ 1 నాటికి దిగుమతులపై పరిమాణ నిబంధనలు తొలగిపోయాయి. ఆ తలుపు గుండా వచ్చిన వాటిలో అధికభాగం తోరెస్, మార్టిన్‌ల వారసత్వం కాదు. అతి తక్కువ ధరకు, అతి ఎక్కువ సంఖ్యలో తయారైన సరుకు. భక్తి పాత విగ్రహం మీదనే నిలిచింది. గుడిలో విగ్రహం మాత్రం మారింది.

తగ్గినది ఏమిటి?

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. కొన్ని విషయాలలో నేటి చౌక దిగుమతి గిటార్ పాతకాలపు చౌక గిటార్ కంటే మేలైనదే. మెట్ల మధ్య దూరాన్ని కంప్యూటర్ యంత్రాలు వెంట్రుకవాసి తేడా లేకుండా కోస్తాయి. పాలిష్ అద్దంలా మెరుస్తుంది. కంటికి కనిపించేది మెరుగయింది.

తగ్గినది కంటికి కనిపించని చోట, అనగా కర్రలో. గిటార్ నాదానికి మూలం పైబల్ల. మంచి గిటార్‌లో అది స్ప్రూస్ లేదా దేవదారు జాతికి చెందిన ఒకే కర్రను నిలువుగా కోసి, రెండు ముక్కలను పక్కపక్కన చేర్చి చేసినది. మందం మూడు మిల్లీమీటర్లు మించదు. తీగ కదిలినప్పుడు ఆ బల్ల మొత్తం ఊపిరి తీసినట్లు కదులుతుంది. ఏళ్ళు గడిచి, వాయింపు పెరిగే కొద్దీ నాదం మరింత తేరుతుందని వాద్యకారులు చెబుతారు.

ఇటువంటి కర్రకు ఖరీదు ఎక్కువ. ఆరబెట్టడానికి కాలమూ ఎక్కువే. అందువల్ల చౌకరకాలలో పైబల్లను ప్లైవుడ్‌తో చేస్తారు. పైన అందమైన స్ప్రూస్ పొర ఒకటి, మధ్యలో ఏదో ఒక కర్ర, అడుగున మరొక పొర. మూడింటినీ జిగురుతో అంటించి అచ్చులో నొక్కుతారు. ఇది బలమైనది, త్వరగా పగలదు. కాని పొరల మధ్యనున్న జిగురు కదలికను బిగబట్టుతుంది. నాదం పుట్టిన చోటనే ఆగిపోతుంది. దాని మీద దట్టంగా పూసిన రంగు మిగిలిన కాస్త కదలికనూ హరిస్తుంది. వివరాల పట్టీలో "స్ప్రూస్ టాప్" అని మాత్రమే ఉంటుంది. అది అబద్ధం కాదు. పూర్తి నిజమూ కాదు. "సాలిడ్" అన్న ఒక్క మాట అక్కడ లేకపోవడంలోనే అసలు కథ ఉన్నది.

ఎండ, వాన, మంచు

ప్లైవుడ్ కథ అంతటా ఒకటే. ఢిల్లీకి ప్రత్యేకమైన పరీక్ష మరొకటి ఉన్నది, అది వాతావరణం.

కర్ర చెట్టు నుండి వేరుపడినా గాలిలోని తేమతో సంబంధం తెంచుకోదు. తేమ పెరిగితే ఉబ్బుతుంది, తగ్గితే కుంచించుకుంటుంది. ఆ మార్పు పొడవు దిశలో లెక్కలోకి రాదు. అడ్డంగా మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది. అందుచేతనే పేరుపొందిన గిటార్ కార్ఖానాలు తమ పనిశాలల గాలిలో తేమను 45 నుండి 50 శాతం మధ్య నిలిపి ఉంచుతాయి. ఆ తేమకు అలవాటుపడిన వాద్యాన్ని ఢిల్లీకి తెచ్చామనుకోండి. మే నెల మధ్యాహ్నం ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి, పశ్చిమం నుండి "లూ" అనే వడగాలి వీచేటప్పుడు గాలిలో తేమ 20 శాతం చుట్టుపక్కలకు పడిపోతుంది. రెండు నెలలు గడవకముందే వర్షాకాలం. తేమ 80 శాతం దాటుతుంది. జనవరి ఉదయాల మంచులో గాలి తడిగుడ్డలా ఉంటుంది. ఆ వెంటనే గదిలో హీటరు వెలుగుతుంది.

ఇదంతా జరుగుతున్నంత సేపూ ఆరు ఉక్కుతీగలు సుమారు 70 కిలోల బలంతో మెడను, పైబల్లను లాగుతూనే ఉంటాయి. ఒక మనిషి బరువు రాత్రింబగళ్ళు వేలాడుతున్నట్లే. వేసవిలో పైబల్ల కుంగుతుంది, మెట్ల కొసలు మెడ అంచులు దాటి వేలికి గుచ్చుకుంటాయి, అరుదుగా బల్ల నిలువునా చీలుతుంది. వానలలో బల్ల పొంగుతుంది, తీగలు మెట్లకు ఎత్తయిపోతాయి, వీణవారు "గుర్రం" అని పిలిచే భాగం అడుగున జిగురు వదులుతుంది. కొన్ననాడు కమ్మగా పలికిన వాద్యం రెండవ ఏట పలకకపోతే తప్పు విద్యార్థి చెవిది కాదు.

ఉత్తరదేశపు వాద్యాలు చేసే పనివారు ఈ సంగతి తరతరాలుగా ఎరుగుదురు. సితార్‌కు వాడే తూన్ కర్రను కొని తెచ్చిన వెంటనే ఉలి పట్టరు. ఏళ్ళ తరబడి నీడలో నిలిపి, ఎండలూ వానలూ చూడనిచ్చి, వంగేదంతా వంగిన తరువాత పని మొదలుపెడతారు. తెలుగునాట బొబ్బిలి, నూజివీడు వీణల సంప్రదాయమూ ఇదే. ఏకాండి వీణకు కుండ, దండి ఒకే పనసకర్ర నుండి తొలుస్తారు. ఆ కర్రను ఎంచడంలోనూ, ఆరబెట్టడంలోనూ సగం విద్య ఉన్నది. ఏ ఊరి గాలిలో వాద్యం పలకాలో ఆ గాలిలో కర్ర ఆరాలన్నది వారి సూత్రం. శ్రద్ధగా చేసిన స్వదేశీ గిటార్‌కు ఉండగల గొప్ప అనుకూలత ఇదే. శ్రద్ధ లేకుండా చేసినదానికి ఆ అనుకూలత ఉండదు.

మన అడవి, వారి ముద్ర

ఈ కథలో మరొక విచిత్రం ఉన్నది. గిటార్ వెనుక బల్లకూ, పక్కబల్లలకూ ప్రపంచంలో ఎంతో పేరున్న కర్రలలో ఒకటి మన దక్షిణాది అడవులలో పెరిగే రోజ్‌వుడ్. తెలుగువారు జిట్రేగి అనీ, ఇరుగుడు అనీ పిలిచే చెట్టు అది. పూర్వం ఆ స్థానం బ్రెజిల్ రోజ్‌వుడ్‌ది. దాని దుంగల సరఫరా తగ్గిపోగా 1969లో మార్టిన్ సంస్థ భారతీయ రోజ్‌వుడ్‌కు మారింది, తక్కినవారు అనుసరించారు. 1992లో బ్రెజిల్ రోజ్‌వుడ్ వాణిజ్యంపై అంతర్జాతీయ నిషేధం వచ్చిన తరువాత మన కర్రకు గిరాకీ మరింత పెరిగింది.

2017 జనవరి 2 నుండి రోజ్‌వుడ్ జాతులన్నింటినీ సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం నియంత్రణలోకి తెచ్చింది. అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారాన్ని అదుపుచేసే ఒప్పందమిది. గిటార్ పట్టుకుని సరిహద్దు దాటే వ్యాపారులందరికీ పత్రాలు అవసరమయ్యాయి. వాద్యకారులు, తయారీదారులు మొరపెట్టుకోగా, 2019 నవంబరు 26 నుండి పూర్తిగా తయారైన వాద్యాలకు మినహాయింపు లభించింది. ఇంత రగడకు కారణమైన కర్ర కర్ణాటక, కేరళ, తమిళనాడు అడవులలోనిది. అది సముద్రం దాటి, పరదేశపు ముద్ర వేయించుకుని, సుంకం చెల్లించి, ఢిల్లీ దుకాణంలో గాజుతలుపు వెనుక నిలబడినప్పుడు మనకు పూజనీయమవుతున్నది.

హార్మోనియం చెప్పే పాఠం

పరాయి వాద్యం మనదయిన ఉదాహరణ ఢిల్లీకి దూరంగా లేదు. హార్మోనియం పారిస్ నగరంలో పుట్టింది. 1842లో అలెగ్జాండర్ దెబేన్ దానికి పేటెంటు పొందాడు. కుర్చీలో కూర్చుని, కాళ్ళతో తొక్కి వాయించే బరువైన పెట్టె అది. 19వ శతాబ్దం చివరి పాదంలో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దానిని నేలమీద కూర్చుని, ఒక చేత తిత్తి ఆడిస్తూ మరొక చేత వాయించే చిన్నపెట్టెగా మార్చాడు. మరమ్మతు సులువయింది, ధర తగ్గింది, మన ఎండావానలకు తట్టుకున్నది. ఆకాశవాణి 1940లో దానిని బహిష్కరించి, 1971లో గాని ఆ నిషేధం సడలించలేదు. అయినా భజన మందిరాల నుండి తెలుగు పద్యనాటకాల రంగస్థలం వరకు దాని ఏలుబడి సాగుతూనే వచ్చింది. నేడు ఢిల్లీలో తయారైన హార్మోనియంలను విదేశాలలోని గురుద్వారాలు, సంగీత పాఠశాలలు తెప్పించుకుంటున్నాయి. "ఇది ఇంపోర్టెడేనా?" అని హార్మోనియం గురించి ఎవరైనా అడిగితే దుకాణదారు నవ్వుతాడు.

గిటార్ ఆ దారిలో సగం దూరం నడిచింది. బ్రిజ్‌భూషణ్ కాబ్రా దానిని ఒడిలో పరుండబెట్టి రాగాలు పలికించాడు. 1967లో వచ్చిన "కాల్ ఆఫ్ ది వ్యాలీ" రికార్డులో సంతూర్, వేణువుల సరసన ఆయన గిటార్ నిలిచింది. జైపూర్‌కు చెందిన విశ్వమోహన్ భట్ గిటార్‌కు చికారి, తరఫ్ తీగలు జోడించి మోహనవీణ రూపొందించాడు. 1994లో ఆయనకు గ్రామీ పురస్కారం లభించింది. వాయించే విద్య మనదయింది. తయారుచేసే విద్య పూర్తిగా మనది కావలసి ఉన్నది.

ఆ గాలి వీచడం మొదలయింది. దేశంలో పలుచోట్ల చేతిపనితో గిటార్ చేసే నిర్మాతలు వెలిశారు; నెలల తరబడి ఒక్కొక్క వాద్యం మీద కూర్చుంటారు. పెద్ద సంస్థలూ ఇటు చూస్తున్నాయి. గురుగ్రామ్ కేంద్రంగా భారతదేశంలో వ్యాపారం చేస్తున్న యమహా సంస్థ 2019లో చెన్నై సమీపంలో ఫ్యాక్టరీ ప్రారంభించి, గిటార్‌లు కూడా అక్కడే తయారుచేయిస్తున్నది. జపాను పేరు, తమిళనాడు చేతులు, ఢిల్లీ బజారు. దిగుమతి, స్వదేశీ అన్న రెండు గడులలో దానిని ఏ గడిలో ఉంచాలి?

కొనేముందు

చీటీ సాక్ష్యం చెప్పలేనప్పుడు వాద్యాన్నే అడగాలి. దానికి పండితుడు కానవసరం లేదు.

పైబల్ల మధ్యనున్న గుండ్రని రంధ్రం అంచును వెలుతురులో చూడండి. పైన కనిపించే కర్రగీతలు ఆ అంచు మీదుగా లోపలికి సాగితే అది ఒకే కర్ర. పొరలుగా కనిపిస్తే ప్లైవుడ్. రంగు పూసి అంచును కప్పివేస్తే అడగవలసిన ప్రశ్న మిగిలి ఉన్నదన్నమాట.

గిటార్‌ను కంటి ఎదుట పట్టుకుని, తుపాకి గురిపెట్టినట్లు మెడ వెంట చూపు సారించండి. మెడ దాదాపు తిన్నగా, అతి స్వల్పమైన లోవంపుతో ఉండాలి. మెలి తిరిగి ఉండరాదు. మెడలో బిగింపు సరిచేసే ఇనుపకడ్డీ ఉన్నదో లేదో అడగండి. ఢిల్లీ వంటి ఊరిలో అది లేని ఉక్కుతీగల గిటార్ కొనడం గొడుగు లేకుండా వానలో బయలుదేరడమే.

పన్నెండవ మెట్టు తీగ పొడవులో సరిగా సగం దగ్గర ఉంటుంది. అక్కడ తీగను తేలికగా తాకి మీటితే ఒక స్వరం పలుకుతుంది. అక్కడే నొక్కి మీటితే మరొకటి. రెండూ ఒక్కటిగా వినిపించాలి. వినిపించకపోతే ముద్ర ఏదైనా ఆ గిటార్ శ్రుతిలో నిలవదు.

చివరగా, ప్రతి మెట్టు మీదా ప్రతి తీగనూ ఒకసారి మీటి చూడండి. పది నిమిషాలు పడుతుంది. దుకాణదారు విసుగుకుంటే వేరొక దుకాణం ఉన్నది. ఇంటికి తెచ్చిన తరువాత వేసవిలో గిటార్‌ను గోడకు వేలాడదీయకుండా పెట్టెలో మూసి ఉంచడం, కూలరుకూ హీటరుకూ దూరంగా ఉంచడం, సగం కాపాడినట్లే.

ఈ పరీక్షలలో నెగ్గిన దిగుమతి గిటార్‌లు నేటికీ ఎన్నో ఉన్నాయి. ఓడిపోయే స్వదేశీ గిటార్‌లూ ఉన్నాయి. స్వదేశీ అన్న మాట కూడా చీటీయే. దానికీ పరీక్ష తప్పదు. కాని పరీక్షించి కొనేవారు పదిమంది తయారైతే ఆరిన కర్రకూ, ఓర్పుగల చేతికీ ధర పలుకుతుంది. ధర పలికితే పనివాడి కొడుకు ఉలి వదిలిపెట్టడు. హార్మోనియం విషయంలో జరిగినది అదే. చెవి గల కొనుగోలుదారు ఉన్నచోటనే మంచి వాద్యం పుడుతుంది.